గార్డుకి రెండు సీసాలు

కుదుదండ్, బిలాస్‌పూర్
12 జనవరి 2025

చెల్లి సౌభాగ్యకి,

నువ్వు ఫోన్ చేశావట, నేను "హలో హలో" అని నాలుగుసార్లు అరిచి పెట్టేశానట. మా అమ్మాయి భానుప్రియ కబురు పంపింది. ఏం చేయమంటావు? ముప్పై ఆరేళ్లు ఇంజన్లో కూర్చుని బండి నడిపినవాడిని, నేను రిటైరై దిగొచ్చినా చెవులు దిగి రాలేదు. ఎదురుగా నిలబడి అరిస్తే వినపడుతుంది, ఫోన్లో అయితే గరగర తప్ప ఏమీ ఉండదు. కాబట్టి ఇక నుంచి ఉత్తరాలే. నీ చేతిరాత ఎలా ఉంటుందో తెలుసు. అయినా చదువుకుంటాను, పెద్దవాణ్ణి కదా, ఓర్చుకోవాలి.

మీ వదిన కోర్బాలో ఉంది. మనవడు పుట్టాడు కాబట్టి జూన్ దాకా కూతురి దగ్గరే ఉంటానంది. ఇంట్లో నేనూ, గార్డూ. గార్డు గుర్తున్నాడా? యార్డులో దొరికిన కుక్కపిల్ల. నేను ఎటు వెళితే అటు, రైల్లో గార్డు కూర్చునే ఆఖరి పెట్టెలా వెనకాలే వచ్చేవాడని ఆ పేరు పెట్టాను. ఇప్పుడు పదకొండేళ్లు. వాడి కోసమే ఈ ఉత్తరం. వెనక కాళ్లు బిగుసుకుపోయాయి. పొద్దున్నే ముందు కాళ్ల మీద లేస్తాడు, వెనక భాగం మాత్రం నేల వదలదు. మన మేడకి మెట్లు పద్దెనిమిది. ఆరో మెట్టు మీద ఆగిపోయి నా ముఖం చూస్తాడు. ఎత్తుకుందామంటే నా మోకాళ్లకీ కాషన్ ఆర్డరు పడింది, గంటకి పది కిలోమీటర్లు మించకూడదు.

ఇక్కడి పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి, "కీళ్లు అరిగాయి, ముసలితనం" అన్నాడు. ఆ ముక్క వాడి గడ్డం చూసి నేనే చెప్పేవాణ్ణి. నువ్వు ముప్పై ఏళ్లు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు పని చేశావు. ఏదైనా మందుంటే పంపు.

నీ అన్నయ్య
సన్యాసిరావు


భీమిలి
27 జనవరి 2025

అన్నయ్యకి నమస్కారాలు,

ఉత్తరం అందింది. ఒకటిన్నర పేజీ కుక్క గురించి, ఒక్క వాక్యం నీ మోకాళ్ల గురించి. చెల్లెలు ఎలా ఉందో అడగడానికి కాగితం చాలలేదు కాబోలు. అడక్కపోయినా చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

గార్డు సంగతి గిరిబాబు గారిని అడిగాను. నేను పనిచేసిన రోజుల్లో మా డాక్టరు, ఇప్పుడు విశాఖలో కుక్కల ఆస్పత్రి నడుపుతున్నారు. మా కాలంలో కీళ్లు పట్టేస్తే టర్పెంటైన్ రాసి దండం పెట్టేవాళ్లం. ఇప్పుడు సముద్రమంతా సీసాల్లోకి దిగింది. ఆల్చిప్పలు, చేప తోలు, కోడి మృదులాస్థి, గుడ్డు పెంకు లోపలి పొర, అన్నీ మందులే. రెండు సీసాలు పంపుతున్నాను. ఎర్రమూతది గార్డుకి. న్యూజిలాండ్ వైపు దొరికే ఒకరకం ఆల్చిప్ప మాంసం ఎండబెట్టి చేసిన పొడి. రోజూ అర చెంచా అన్నంలో కలిపి పెట్టు. నీలం మూతది నీకు. చేప తోలు నుంచి తీసిన కొలాజెన్, గొట్టం మాత్రలు. రోజుకి రెండు.

ముందే చెబుతున్నాను, ఇవి అరిగిన కీలుని మళ్లీ మొలిపించవు. కొందరికి నొప్పి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. మూడు నెలలు వాడితేగాని తెలియదు. మనుషుల విషయంలో ఇంకో చిక్కుంది, మందు పనిచేసినా చేయకపోయినా నమ్మకంతో లేచి నడిచేస్తారు. కుక్కకి ఆ సదుపాయం లేదు.

చేప అనగానే ముఖం అటు తిప్పుకోకు. నాలుగేళ్ల కిందట నీకేం పట్టిందోగాని నీసు మానేశావు. పండుగప్ప తలకాయ కోసం నా జడ పట్టుకు లాగినవాడివి, ఇప్పుడు మహా భక్తుడివి! నేను చచ్చి బతికి ఇంటికొచ్చాక, నువ్వూ వదినా చూడ్డానికి వచ్చిన రోజున, నిలబడలేక స్టూలు మీద కూర్చుని చందువ పులుసు చేశాను. ముద్ద ముట్టలేదు. పప్పు వేసుకుని తిన్నావు. నేను మరిచిపోయాననుకోకు. సరే, అదలా ఉంచు. మందుకి నీసేమిటి? కళ్లు మూసుకుని మింగు.

నీ చెల్లెలు
సౌభాగ్య


బిలాస్‌పూర్
12 ఫిబ్రవరి 2025

కాంపౌండరమ్మకి,

సీసాలు క్షేమంగా చేరాయి. మూతలు తీయగానే గార్డు ఎక్కడో వరండాలో పడుకున్నవాడు లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రెండు నెలలుగా పిలిచినా లేవని కుక్క! భీమిలి సముద్రం మన వంటింట్లోకి వచ్చినంత వాసన.

మందులు మొదలుపెట్టాం. ఎర్రమూతది అన్నంలో, నీలం మూతది పెరుగులో. అనుమానం వద్దు, రోజూ రెండు గొట్టాలూ లోపలికి పోతున్నాయి.

కింది వాటాలో మనీష్ అని బ్యాంకు కుర్రాడు దిగాడు, మన వరంగల్ వైపువాడు. వాడి తెలుగూ నా తెలుగూ ఒకటేనని జనాభా లెక్కల్లో రాసుండొచ్చుగాని, మాట్లాడుకుంటే మధ్యలో హిందీని పిలవాల్సి వస్తోంది. "ఏటి బావూ, డ్యూటీకి లేటా?" అంటే "అంకుల్, ఫిర్ సే బోలియే" అంటాడు. నా చెవులూ అంతంతే కాబట్టి ఇద్దరం తెగ నవ్వుకుంటాం. వాడే నాకు పాలు తెచ్చి పెడుతున్నాడు.

నీ ఒంట్లో ఎలా ఉందో ఈసారి అడుగుతున్నాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? నిజం రాయి.

అన్నయ్య


భీమిలి
2 మార్చి 2025

అన్నయ్యా,

నాకు ఆయాసం లేదు. చేపల రేవు దాకా నడిచి వెళ్లి, బేరమాడి, గట్టిగా అరిచి మరీ వస్తున్నాను. నా ఊపిరితిత్తుల గురించి ఇక అడక్కు, వాటికి దిష్టి తగులుతుంది.

గార్డు కడుపు ఎలా ఉంది? విరేచనం గట్టిగా అవుతోందా, జారుడుగానా? రంగేమిటి? సిగ్గుపడకుండా రాయి. ఇలాంటివి పది వేల పశువులకి రాసుకున్నదాన్ని. నీ మోకాళ్లకి పొద్దున్నపూట పట్టు ఎంతసేపు ఉంటోంది? దానికి కూడా సిగ్గుపడకు.

చెల్లెలు


బిలాస్‌పూర్
6 ఏప్రిల్ 2025

చెల్లీ,

కడుపు మొదటి వారం కాస్త జారుడు, తర్వాత దివ్యంగా ఉంది. రంగు మామూలే. ఇంతకన్నా వివరంగా రాయాలంటే నేను వేరే జన్మ ఎత్తాలి.

ఇక అసలు సంగతి విను. నీ మందు రామబాణం! గార్డు పద్దెనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కేస్తున్నాడు. మొన్న పిల్లిని తరిమాడు. నా సంగతీ చెప్పాలి కదా. పొద్దున్న పట్టు మాయమైంది. సదర్ బజార్ దాకా నడిచి వెళ్లి వస్తున్నాను. స్టేషన్లో ఓవర్‌బ్రిడ్జి ఉంది చూడు, అది పట్టుకోకుండా ఎక్కి, అటువైపు దిగి, మళ్లీ ఎక్కి వచ్చాను. పాత మిత్రులు చూసి "రావ్ సాబ్, ఏటి తింటన్నారు?" అని ముక్కున వేలేసుకున్నారు. ఆదివారం మస్తూరీలో ఒక స్నేహితుడి పొలానికి వెళ్లి గట్ల మీద గంటసేపు తిరిగాను.

రెండు సీసాలూ అయిపోవచ్చాయి. మళ్లీ పంపు. నీలం మూతది తప్పకుండా పంపు, అది మరీ ఇష్టంగా ఉంది.

అన్నయ్య
(ప్రస్తుతం ఫుల్ స్పీడ్)


భీమిలి
20 ఏప్రిల్ 2025

ఫుల్ స్పీడ్ అన్నయ్యకి,

నీ ఉత్తరం వీధంతా చదివి వినిపించాను. మాధవీలత అత్తయ్య తన మోకాళ్లకి కూడా అదే నీలం మూత కావాలని పట్టుబట్టింది. "సన్నాసి డెబ్బైకి దగ్గర పడి బ్రిడ్జీలెక్కుతుంటే నాకేటి రోగమే" అంటోంది. నేను అమ్మే మనిషిని కాదు కాబట్టి డాక్టరుని అడగమన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. మొన్న ఊపిరితిత్తుల డాక్టరు మళ్లీ పరీక్షలు చేసి, "అమ్మా, మీరు ఎంత దూరమైనా నడవొచ్చు" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంటికి రాకుండా నేరుగా సింహాచలం వెళ్లాను. ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ చేస్తానని అప్పన్నకి చెప్పి వచ్చాను. కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, నువ్వూ నేనూ కలిసి. చిన్నప్పుడు నాన్న మనిద్దర్నీ ఒకసారి తీసుకెళ్లాడు. సగం దూరం నన్ను నువ్వు వీపున మోశావు. ఇప్పుడు ఎవర్నీ ఎవరూ మోయక్కర్లేదు, పక్కపక్కన నడుద్దాం.

ఆస్పత్రిలో పడుకున్నప్పుడు నేను కోరుకున్నది ఇదొక్కటే. మళ్లీ కాళ్ల మీద నిలబడితే అన్నయ్యతో ఆ కొండ చుట్టి రావాలని. అప్పుడు నాకు ఊపిరి లేదు. తర్వాత నీకు మోకాళ్లు లేవు. ఈ ఏడు రెండూ ఉన్నాయి. జూలై మొదటి వారానికి రిజర్వేషన్ చేయించుకో. నువ్వు రాకపోతే నేనూ నడవను, ఒట్టు.

రెండు సీసాలూ పంపాను.

నీ చెల్లెలు


బిలాస్‌పూర్
9 మే 2025

చెల్లీ,

సీసాలు అందాయి. సంతోషం.

ప్రదక్షిణ ఆలోచన చాలా బాగుంది. అయితే జూలైలో వానలు. రోడ్డు జారుతుంది. జనం లక్షల్లో ఉంటారు. నాకు చెవులు వినపడవు, తప్పిపోతే మైకులో పిలిచినా తెలియదు. గార్డుని ఎవరు చూస్తారు? మీ వదిన జూన్లో వస్తుందో రాదో. మనవడికి పళ్లొచ్చేదాకా ఉంటానన్నా అంటుంది. ఆపైన ఇక్కడ నలభై నాలుగు డిగ్రీల ఎండ, ఆలోచించే శక్తి కూడా లేదు. వచ్చే ఏడు చూద్దామా? అప్పన్న ఎక్కడికీ పోడు కదా.

నువ్వు వెళ్లు. నా కోసం ఆగకు.

గార్డు ఫోటో పంపుతున్నాను. మనీష్ కింది నుంచి తీసి, సదర్ బజార్‌లో వేయించాడు. మెట్ల మీద ఎలా గెంతుతున్నాడో చూడు! పైన వరండాలో చెయ్యూపుతున్నది నేను.

అన్నయ్య


భీమిలి
24 మే 2025

సన్యాసిరావు గారికి,

ఫోటో చూశాను. పశువులు తమకేం బాధో చెప్పవు కాబట్టి ముప్పై ఏళ్లు కళ్లతో చూసి తెలుసుకునే ఉద్యోగం చేశాను. నువ్వు ఆ సంగతి మరిచిపోయి నాకు ఫోటో పంపావు.

మొదట కుక్క. బొచ్చు అద్దంలా మెరుస్తోంది, ఒళ్లు చేసింది. అర చెంచా పొడితో పదకొండేళ్ల వీధికుక్కకి ఆ నిగారింపు రాదు. తర్వాత నువ్వు. కుడిచెయ్యి ఊపుతున్నావు, ఎడమచేతిలో తాడుంది. తాడు చివర బుట్ట. బుట్టలో పాల ప్యాకెట్టు, కొత్తిమీర. ఓవర్‌బ్రిడ్జి రెండుసార్లు ఎక్కి దిగినవాడు పాల ప్యాకెట్టుని తాడుతో పైకి లాక్కుంటాడా? నువ్వా మెట్లు దిగి ఎన్నాళ్లయింది? నా చెవిలో ఇన్ని పువ్వులు పెట్టి, వాటికి నీళ్లు కూడా పోశావు.

నీలం మూత సీసా కూడా గార్డుకే పోతోంది. ఆ బుట్టలో నీ పరువంతా కనపడుతోంది అన్నయ్యా. వీధంతా చదివి వినిపించాను నీ ఉత్తరం. మాధవీలత అత్తయ్య రెండో సీసా మొదలుపెట్టింది.

అబద్ధం చెప్పావని నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అది కూడా రాసేస్తున్నాను. ఆ చందువ పులుసు రోజున నీ కంచం చూసి అనుకున్నాను, నేను ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషిని, ఆ జబ్బు నా చేతుల్లో ఉందని భయపడ్డావని. తర్వాత నీసు మానేశానని చెబితే, నన్ను నొప్పించకుండా అల్లిన సాకు అనుకున్నాను. నాలుగేళ్లుగా ఎగతాళి చేస్తూ వస్తున్నది అందుకే. ఇప్పుడు మందు పంపినా అంతే. నా చేతి మీదుగా వచ్చింది నీ నోట్లోకి పోదు. కుక్కకి పెడతావు.

ఎందుకో ఒక్కసారి నిజం చెప్పు. చెప్పకపోతే ఇక ఉత్తరాలు కూడా వద్దు.

సౌభాగ్య


బిలాస్‌పూర్
5 జూన్ 2025

సౌభాగ్యం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు అలా అనుకుంటూ ఉన్నావని కలలో కూడా అనుకోలేదు. నీ చేతికి నేను భయపడటమా? నువ్వు సగం కొరికిన జామకాయ లాక్కుని తిన్నవాణ్ణి నేను.

చెప్పేస్తున్నాను. 2021 మే నెల. నువ్వు విశాఖ ఆస్పత్రిలో, ఆక్సిజన్ పెట్టారు. ఇక్కడ లాక్‌డౌన్. వేల కిలోమీటర్లు జనాన్ని మోసినవాడిని, నీ దగ్గరికి రావడానికి నాకు ఒక్క బండి లేదు. ఏడో రోజు పొద్దున్న మీ ఆయన ఫోన్ చేసి మీ వదినతో మాట్లాడాడు. ఆవిడ నాకు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. నేను మేడ మీదికి వెళ్లి, తూర్పుగా తిరిగి, అప్పన్నకి మొక్కాను. "దాన్ని ఇంటికి పంపు. నేను బతికినంత కాలం నీసు ముట్టను. చేపగాని, చేప ముక్క తగిలిన నీరుగాని నా గొంతు దిగదు." నా దగ్గర అంతకన్నా ఇష్టమైనది లేదు ఇవ్వడానికి. ఐదు రోజులకి నీకు మాస్కు తీశారు.

మొక్కు బయటికి చెబితే ఫలం పోతుందని అమ్మ అనేది. అందుకే మీ వదినకి కూడా చెప్పలేదు. నీ పులుసు ముందు కూర్చున్నప్పుడు నా నోట్లో నీళ్లూరాయి, కళ్లల్లోనూ వచ్చాయి. నువ్వు స్టూలు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నావు. ఆ ముద్ద తింటే ఆ ఊపిరి ఆగిపోతుందని భయం. అంతే.

సీసా దగ్గరా అదే భయం. మందుకి నీసు లేదని నువ్వన్నావు, నిజమే అయ్యుండొచ్చు. అప్పన్న కాంపౌండరు కాదు కదా, ఆయనకేం లెక్కో నాకేం తెలుసు? నా మోకాళ్ల కోసం నీ ఊపిరితో పందెం కాయలేను. పంపిందాన్ని పారేయలేక గార్డుకి పెట్టాను. వాడు బాగుపడుతుంటే వాడి నడకంతా నా పేరున రాశాను. మెట్లు దిగి రెండు నెలల పైనే అయింది. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. మత్తిచ్చి పడుకోబెడతారట. డ్యూటీలో ఒక్కసారి రెప్ప వాల్చనివాణ్ణి, నా కాలు కోస్తుంటే నేను నిద్రపోవాలట. అది నా వల్ల కాదు.

చెప్పకూడనిది చెప్పేశాను. ఇది చదవగానే ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి చూసుకో. బాగానే ఉన్నావని వెంటనే రాయి. స్పీడ్ పోస్టులో రాయి.

అన్నయ్య


భీమిలి
9 జూన్ 2025

అన్నయ్యా,

పీల్చాను. బాగానే ఉంది. వీధిలోకి వెళ్లి మళ్లీ పీల్చాను. మేడ ఎక్కి పీల్చాను. ఏమీ కాలేదు. ఇది స్పీడ్ పోస్టే.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. రెండు కాగితాలు చింపేశాను. నాలుగేళ్లు నిన్ను ఎన్ని మాటలన్నాను! ఒక్కసారైనా తిరిగి అనలేదే నువ్వు. ఎవరంటే ఎంత ఇష్టమో చెప్పడం మన ఇంట్లో ఎవరికీ రాదు. అమ్మకీ రాదు. నేను మాత్రం రాస్తున్నాను, నువ్వంటే నాకు ప్రాణం.

ఏడుపు అయింది, ఇప్పుడు కాంపౌండరు మాట విను. మోకాళ్లు ఆ స్థితికి వచ్చాక ఏ చేపా, ఏ ఆల్చిప్పా ఏమీ చేయలేవు. మొక్కు లేకపోయినా ఆ సీసా నీకు పనికొచ్చేది కాదేమో. గార్డుకి ఇంకా మిగిలింది కాబట్టి వాడికి పనిచేసింది. నీకు ఆపరేషనే. నిద్రపుచ్చుతారని ఎవరు చెప్పారు? మోకాలికి ఎక్కువగా నడుములో సూది వేస్తారు, నడుం కింద మాత్రమే మొద్దుబారుతుంది. కళ్లు తెరుచుకునే ఉండొచ్చు. డాక్టరుని అడుగు. కావాలంటే పైన వేలాడే లైట్లు చూస్తూ పచ్చా ఎరుపా అని లెక్కపెట్టుకో.

ప్రదక్షిణ ఈ ఏడు లేదు. అప్పన్నకి చెప్పాను. నేను జూలై ఐదున కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. వదినకి ఫోన్ చేశాను, మనవణ్ణి భానుప్రియకి అప్పజెప్పి ముందే వస్తానంది. ఆపరేషన్ తారీఖు తీసుకుని ఉంచు. తీసుకోకపోతే స్టేషన్లోనే కూర్చుని శోకాలు పెడతాను, నీ పాత మిత్రులందరి ముందూ.

నీ చెల్లెలు


భీమిలి
3 ఆగస్టు 2025

అన్నయ్యా,

ఇల్లు చేరాను. వాకరు పట్టుకుని పైన వరండా దాకా వచ్చి సాగనంపావు కదా, ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. గార్డు నీ వాకరుకి సరిగ్గా రెండడుగుల వెనక నిలబడ్డాడు, డ్యూటీలో ఉన్నట్టు. కసరత్తులు మానకు. మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగాలి. వదిన లెక్క చూస్తుంది, నాకు ఫోన్లో చెబుతుంది. ఈసారి అబద్ధాలు నడవవు.

ఒక సంగతి అక్కడ చెప్పలేదు, చెబితే అరుస్తావని. ఇక్కడి నుంచి చెబుతున్నాను. నిన్ను లోపలికి తీసుకెళ్లాక, ఆస్పత్రి బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను. డాక్టరు ఎంతకీ బయటికి రాడు. నాకు వేరే ఏం తోచలేదు. అన్నయ్య నడిచి ఇంటికి వస్తే నేనూ నీసు ముట్టనని మొక్కుకున్నాను. ఒక్క నెల్లో చెప్పేస్తున్నాను, నీలా నాలుగేళ్లు దాచుకోవడం నాకు చేతకాదు. రేవు మీదుగా వెళ్లడం మానేశాను, వాసనకి నోరు ఊరుకోవడం లేదు. మాధవీలత అత్తయ్య నాకేదో రోగం వచ్చిందనుకుంటోంది.

ఇప్పుడు లెక్క సరిపోయింది. ఇద్దరం పప్పన్నమే.

సౌభాగ్య


బిలాస్‌పూర్
11 ఆగస్టు 2025

ఒసే సౌభాగ్యం,

నీకు బుద్ధుందా? లెక్క సరిపోయిందట, లెక్క! ఉత్తరం చదివి అరిచిన అరుపుకి మనీష్ కింది నుంచి పరిగెత్తుకొచ్చాడు. "అరే అంకుల్, ఏమైంది?" అంటే ఏం చెప్పను, మా చెల్లెలికి మతి పోయిందని చెప్పాను. మీ వదిన నా వైపే నిలబడింది, ఇది ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి. "ఆవిడ తినడం ఎందుకు మానేస్తది, కాలు కోసింది డాక్టరు కదా" అంది.

ఈ మధ్యాహ్నం కర్రతో మెట్లు దిగాను. పద్దెనిమిదీ దిగాను, పద్దెనిమిదీ ఎక్కాను. ఈసారి నేనే, మీ వదిన సాక్షి. గార్డు ముందు పరుగెత్తి, పైన నిలబడి నా కోసం ఆగాడు. తొంభై ఎనిమిది డిగ్రీలు వంగుతోంది. ఆపరేషన్ అంతసేపూ కళ్లు తెరుచుకునే ఉన్నాను, అన్ని లైట్లూ పచ్చే. కాబట్టి నీ మొక్కు పని అయిపోయింది, ఇక చాలించు. నువ్వు అడిగింది నేను నడిచి ఇంటికి రావడం. వచ్చాను. అప్పన్నతో నేను మాట్లాడుకుంటాను, తప్పు నాది, చెల్లెలిది కాదని చెబుతాను. ఆయనకి కోపం వస్తే నా మీదే రానీ.

నాకు పులుసు మీద ఇష్టం పోయి మానేశాననుకున్నావా? పొద్దున్నే నువ్వు బుట్ట పట్టుకుని రేవుకి వెళ్లి, ఆ చేపలమ్మితో గొంతు చించుకుని బేరమాడి, ఇంటికొచ్చి వండుకుని, ముళ్లు తీసుకుంటూ తింటున్నావని ఇక్కడ కూర్చుని రోజూ అనుకుంటాను. అదే నా భోజనం. నేను మానింది నువ్వు బతికి తినాలని. నువ్వూ మానేస్తే ఇన్నేళ్లు నేను నోరు కట్టుకున్నది దేనికే?

ఇది అందిన రోజు ఏ వారమైనా సరే, శనివారమైనా సరే, చందువ తెచ్చుకో. పెద్దది. చింతపండు దండిగా వెయ్యి. తిన్నాక ఎలా కుదిరిందో ముక్క ముక్కా వివరంగా రాయి.

నీ అన్నయ్య
సన్యాసిరావు